అవీస్ ఉంగరం అడిగిన ఆదివారం

అద్దకంవాళ్ల వీధిలో అవీస్ ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒక మురుగు కాలువే అడ్డం. నదివైపు నుంచి గాలి వీస్తే ఆవిడ నీలి కాగుల కంపు మా వంటింట్లోకి వచ్చేది. గాలి తిరిగితే మేం బీరు కాచే వాసన ఆవిడ పెరట్లోకి పోయేది. ఒకరినొకరు తిట్టుకోవడానికి కావలసినంత కారణం ఉండికూడా మేం స్నేహితులమయ్యాం.

పోయిన ఉపవాస దినాల్లో ఆవిడ కన్నుమూసింది. బాగా పండిపోయి, తన ఇంట్లో, తన మంచం మీద, తాళపుచెవులు తన దిండు కిందే ఉండగా పోయింది. మా హెల్మ్‌విక్‌లో ఆడదానికి అలాంటి చావు ఎంత అరుదో మా వీధివాళ్లకు చెప్పనక్కర్లేదు. అది ఊరికే రాలేదు. ఒక ఆదివారం ఉదయం ఊరందరి ముందూ నిలబడి ఆవిడ దాన్ని సంపాదించుకుంది. ఆ రోజు నేను కూతురిని చంకనెత్తుకుని చర్చిలోనే ఉన్నాను.

ఆవిడ భర్త ఆడమ్ జ్వరంతో పోయాడు. పిల్లలు పుట్టలేదు. ఇల్లూ, కాగులూ, పనివాళ్లూ ఆవిడవయ్యాయి. కానీ అవి ఆవిడవిగా ఉండేది ఆడమ్ విధవరాలిగా ఉన్నంత కాలమే. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఇంటితో సహా ఆవిడ కూడా కొత్త మొగుడి కిందికి పోతుంది. మొగుడు పోయి కాగులు మిగిలిన ఆడదాన్ని మా ఊరు ఎక్కువ రోజులు ఒంటరిగా ఉండనివ్వదు. మంచి మాటతో అడుగుతారు, తర్వాత చుట్టాలు వస్తారు, తర్వాత ఎవరో ఒకరు ఎలాగో ఒకలా పట్టుకుపోతారు.

అయితే ఒక దారి ఉంది. మఠంలో చేరడం కాదు. జుట్టు కత్తిరించుకోనక్కర్లేదు, ఇల్లు వదలక్కర్లేదు, పని మానక్కర్లేదు. బిషప్ ముందు మోకరించి, ఇక ఏ మగవాడి పక్కా చేరనని ప్రాణం ఉన్నంతవరకూ దేవుడికి మాట ఇవ్వాలి. ఆయన ఒక ముతక పైవస్త్రం కప్పి, వేలికి ఉంగరం తొడుగుతాడు. ఆ తర్వాత ఆమెను పెళ్లికి అడగడమే పాపం, బలవంతం చేస్తే శాపం. ఆమె తన గుమ్మంలో తాను నిలబడవచ్చు.

అవీస్ ఆ దారి పట్టాలనుకుంది. ఎందుకని అడిగాను ఒకసారి, కాగు పక్కన కూర్చుని ఉండగా.

"పుట్టింట్లో 'ఎక్కడున్నావే' అని నాన్న అరిచేవాడు. ఇక్కడికొచ్చాక ఆడమ్ అరిచేవాడు. పాపం, చెడ్డవాడు కాదు. అరవడం అలవాటు, అంతే. ఇప్పుడు పొద్దున్నే లేచి కాగు మూత తీస్తానా, ఎవరూ అరవరు. ఆ నిశ్శబ్దంలో దేవుడితో నా మాటలు నేను మాట్లాడుకుంటున్నా. అంతకుముందు ఎవరో ఒకరి తరఫున మాట్లాడేదాన్ని, వాళ్ల జ్వరం, వాళ్ల బేరం. నాకంటూ ఏమడగాలో కూడా తెలిసేది కాదు."

మొగుళ్లను తప్పించుకోవడానికి దేవుణ్ణి అడ్డం పెట్టుకుందని తర్వాత కొందరన్నారు. దేవుడికోసమే చేసిందని మరికొందరన్నారు. నాకు రెండూ ఆవిడలో విడివిడిగా ఎప్పుడూ కనిపించలేదు.

మా చర్చి గురువుగారు పియర్స్ ముసలివారు, దయగలవారు. అవీస్ తరఫున పైకి రాసి పంపారు, మొక్కు మాటలు నోటితో చెప్పి కంఠతా పట్టించారు. బిషప్‌గారు మా ఊరికి వచ్చేది అరుదు. పిల్లల నుదుట నూనె రాయడానికి వస్తున్నారని కబురు వచ్చింది. అదే పూజలో అవీస్ మొక్కు. ఆ రోజు తప్పితే మళ్లీ ఎప్పుడో ఎవరికీ తెలియదు.

ముందురోజు మధ్యాహ్నం నేను ఖాళీ పీపాల కోసం ఆవిడ పెరట్లోకి వెళ్లాను. అవీస్ కాగులోంచి గుడ్డ ఎత్తుతోంది. పచ్చగా పైకొచ్చిన గుడ్డ గాలి తగిలి మా కళ్లముందే నీలమవుతోంది. అప్పుడే మరిది హామండ్ వచ్చాడు. వంతెన అవతల అతనికీ అద్దకపు కొట్టు ఉంది, కానీ అతని కాగుకి ఎప్పుడూ ఏదో ఒక రోగం. వెనకాల వారిన్ అనే తోలు వ్యాపారి, టోపీ చేత్తో పట్టుకుని. వాళ్లిద్దరి వెనక హామండ్ భార్య డియోనిస్, గుడ్డ కప్పిన రొట్టెల బుట్టతో.

"అబ్బ, ఏం పరిమళం వదినా! స్వర్గం పక్క వీధిలోనే ఉన్నట్టుంది" అన్నాడు హామండ్ ముక్కు మూసుకుంటూ.

"స్వర్గం కాదు నాయనా, ఉచ్చ. నీలం కాగు పులియాలంటే అదే కావాలి, అది సరిగ్గా పొయ్యకే నీ కాగు ఎప్పుడూ అలుగుతుంది."

పనివాళ్లు నవ్వారు. హామండ్ నవ్వలేదు.

"రేపు ఏదో మొక్కు మొక్కుతున్నావటగా?"

"అవును."

"కుదరదు."

"ఎవరన్నారు?"

"అదిగో, అవి అంటున్నాయి." తలుపు పక్క మేకుకి వేలాడుతున్న జింకతోలు చేతి తొడుగులు చూపించాడు.

కోతల సంత రోజున వారిన్ ఇచ్చినవి అవి. అతని భార్య జోన్ పోయినప్పుడు శవపేటిక మీద కప్పే నల్ల గుడ్డ అవీస్ ఊరికే అద్ది ఇచ్చింది. దానికి ప్రతిగా ఇచ్చాడనుకుని తీసుకుంది. నీలి పనిలో చేతులు పగిలి ఉంటాయి కదా, చలి కూడా మొదలైంది, అక్కడే నిలబడి తొడుక్కుంది. కానీ భార్య పోయినవాడు మొగుడు పోయినదానికి ఆమె ఇంటివాళ్ల ఎదుట తొడుగులిచ్చి, ఆమె అక్కడికక్కడే తొడుక్కుంటే మా ఊళ్లో దాన్ని పెళ్లి మాట కిందే లెక్కేస్తారు. అవీస్ కొండ ప్రాంతం నుంచి వచ్చిన పిల్ల. ఇన్నేళ్ల కాపురంలో ఆ సంగతి విననిదేం కాదు, ఆ రోజు తట్టలేదు.

అవీస్ చేతిలో గుడ్డ కాగులోకి జారిపోయింది.

"అవి జోన్ శవం గుడ్డకి ఇచ్చాడు. వారిన్, నువ్వే చెప్పు."

వారిన్ టోపీ అంచు తిప్పుతున్నాడు. "దానికీ అనుకో. దీనికీ అనుకున్నా నేను. ఇంట్లో ముగ్గురు పిల్లలు అవీసమ్మా, తల్లి లేదు. నేను కొట్టేవాణ్ణి కాను, ఊళ్లో ఎవర్నైనా అడుగు."

"అడగక్కర్లేదు, తెలుసు. నువ్వు మంచివాడివే. కానీ నాకు మంచి మొగుడు అక్కర్లేదయ్యా, అసలు మొగుడే అక్కర్లేదు."

"అక్కర్లేని మనిషి మాట ఎందుకిచ్చావు?" అన్నాడు హామండ్.

"నేను మాటివ్వలేదు."

"ఇచ్చావు. 'సరే, నీ ఇంటికొస్తా' అన్నావు. నా చెవులారా విన్నా. డియోనిస్ కూడా విన్నది. ఏమే, విన్నావా లేదా?"

డియోనిస్ బుట్ట మీద గుడ్డ సర్దుతూ ఉండిపోయింది.

"విన్నది" అని ఆమె తరఫున అతనే చెప్పాడు. "రేపు ఇద్దరం సువార్త మీద చెయ్యేసి చెప్తాం. ఒక్క నోరైతే కొట్టిపారేస్తారు, రెండు నోళ్లు చెప్తే కాదనడం కుదరదు. బిషప్ దొర ఉంగరం మూటలో వేసుకుని తన దారిన తాను పోతాడు. నువ్వు వారిన్ ఇంటికి పోతావు. వారిన్‌కి ఈ కంపు పడదు, కాబట్టి కాగులు నేను చూసుకుంటా. ఇందులో ఏడవాల్సిందేముంది చెప్పు."

చెప్పి, వారిన్‌ని వెంటబెట్టుకుని లోపలి కాగులు చూడ్డానికి వెళ్లాడు, అప్పుడే తనవైపోయినట్టు ఒక్కోదాని మూతా ఎత్తి చూస్తూ.

పెరట్లో తోడికోడళ్లిద్దరూ మిగిలారు, పీపాల దగ్గర నేను. డియోనిస్ సన్నగా, ఎప్పుడూ గోడ పక్కనుంచే నడిచే మనిషి. హామండ్‌కి చెయ్యి దురుసని వీధిలో అందరికీ తెలుసు. మొగుడు పెళ్లాన్ని కొట్టడం మా ఊళ్లో ఎవరూ అడిగే సంగతి కాదు.

"డియోనిస్..." అంది అవీస్.

"నన్నేమీ అడక్కు అక్కా." డియోనిస్ తల ఎత్తలేదు. "నువ్వు అడిగితే, ఏమడిగిందని ఆయన అడుగుతాడు. ఆయనడిగితే నాకు దాచడం రాదు."

అవీస్ ఆమె దగ్గరికి జరిగింది. బుట్టలోంచి ఒక రొట్టె తీసి విరిచి, సగం డియోనిస్ చేతిలో పెట్టింది. ఇద్దరూ నిలబడే తిన్నారు. ఏమీ అడగలేదు.

మర్నాడు పూజకి ముందు అవీస్ మా ఇంటికి వచ్చింది. తవుడూ బూడిద నీళ్లూ పెట్టి చేతులు ఎంత తోమిందో, చర్మం ఎర్రగా కందింది కానీ నీలం పోలేదు. నడుముకి ఆ తొడుగులు దోపుకుని ఉంది.

"వాటిని పొయ్యిలో వెయ్యవే తల్లీ! అవెక్కడున్నాయంటే తెలీదని చెప్పు" అన్నాను.

"అబద్ధంతో మొదలుపెట్టి దేవుడికి మాటెలా ఇస్తాను?" అంది. "డియోనిస్ అవునంటే అయిపోయినట్టే. అనకపోతే దానికేమవుతుందో నువ్వే చెప్పు. దేన్ని కోరుకోవాలో తెలీక ప్రార్థన కూడా నోటికి రావట్లేదు."

చర్చి కిక్కిరిసింది. పిల్లల ఏడుపుల మధ్య నూనె రాయడం అయింది. మా అమ్మాయి బిషప్‌గారి చేతి మీద తుమ్మింది, ఆయన అంగీకే తుడుచుకున్నారు. ముసలాయన, ఉపవాసంతో నీరసించి ఉన్నారు, తొందరగా కానివ్వాలని చూస్తున్నారు. తర్వాత పియర్స్ గురువుగారు అవీస్‌ని ముందుకు తీసుకెళ్లారు. పీఠం మెట్టు మీద మడతపెట్టిన ముతక వస్త్రం, దాని మీద ఉంగరం. నేను నిలబడ్డ చోటికి ఆ ఉంగరం కనిపిస్తూనే ఉంది.

బిషప్‌గారి రాయసగాడు లేచి గట్టిగా అడిగాడు: "ఈమె ఎవరికైనా పెళ్లి మాట ఇచ్చిందని తెలిసినవారు ఇప్పుడే చెప్పాలి."

"ఇచ్చింది" అన్నాడు హామండ్.

గుసగుసలు లేచి, అణిగాయి. హామండ్ సంత రోజు సంగతి చెప్పాడు, ఆవిడ ఇచ్చిందన్న మాటా చెప్పాడు. సువార్త మీద చెయ్యి వేసి, తొణక్కుండా చెప్పాడు.

బిషప్‌గారు అవీస్ వైపు తిరిగారు. "తొడుగులు తీసుకున్నావా అమ్మా?"

"తీసుకున్నాను దొరా. ఇవే."

"తొడుక్కున్నావా?"

"తొడుక్కున్నాను. వెచ్చగా ఉన్నాయి."

నా పక్కనున్న, మా వీధిలో రొట్టెలమ్మే ఆవిడ "అయిపోయింది" అంటూ గుండెల మీద శిలువ వేసుకుంది.

"మాట ఇచ్చావా?"

"లేదు దొరా."

"ఇచ్చిందనేవాడు ఒకడున్నాడు. రెండో సాక్షి ఎవరు?"

హామండ్ భార్య మోచెయ్యి పట్టుకుని ముందుకు నెట్టాడు. డియోనిస్ వెళ్లింది. అంతమంది చూస్తుండగా మధ్యలో నిలబడటం ఆమెకు పెళ్లినాటి తర్వాత అదే మొదలు అయ్యుంటుంది. రాయసగాడు ఆమె చెయ్యి తీసి పుస్తకం మీద పెట్టాడు. ఆ చెయ్యి పుస్తకం మీద ఎంతసేపు ఉందో! హామండ్ ఆమె వీపుని చూస్తున్నాడు. అవీస్ మాత్రం ఆమెను చూడలేదు. చూస్తే అడిగినట్టవుతుందని కళ్లు మూసుకుంది.

"చెప్పమ్మా" అన్నారు బిషప్‌గారు.

"దొరా..." అని ఆగింది. మళ్లీ మొదలుపెట్టింది. "నేను విన్నది చెప్పాలా, మా ఆయన విన్నది చెప్పాలా?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. బిషప్‌గారు నవ్వలేదు, కాస్త ముందుకు వంగారు. "నీ చెవులు విన్నదే చెప్పు. దేవుడు నీకు వేరే చెవులిచ్చాడు కదా."

"అయితే వారిన్ 'ఇంద తీసుకో' అన్నాడు. అక్క 'దేవుడు నీకు మేలు చెయ్యాలి' అంది. తొడుక్కుని 'బానే పట్టాయి' అంది. తర్వాత వాళ్లు గొర్రెలకొచ్చిన గాలిరోగం గురించి మాట్లాడుకున్నారు. చాలాసేపు. నాకు కాళ్లు నొప్పెట్టాయి."

"ఇంటికొస్తానని అనలేదా?"

"అనలేదు."

"దొరా, దాని చెవులు సరిగ్గా వినపడవు, చిన్నప్పుడు జ్వరమొచ్చి..." అని హామండ్ అందుకున్నాడు.

"చెవిటిదాన్ని సాక్షిగా ఎందుకు తెచ్చావు?"

ఈసారి చర్చంతా నవ్వింది. ఆ నవ్వుకి నాకు భయం వేసింది. హామండ్ మెడ ఎర్రబడటం నేను నిలబడ్డ చోటినుంచే చూశాను. ఆ నవ్వంతా అతను ఎవరి మీద తీర్చుకుంటాడో తెలిసికూడా మేం నవ్వాం.

బిషప్‌గారు వారిన్‌ని అడిగారు. అతను లేచి టోపీ తిప్పుతూ, "గొర్రెల సంగతి నిజమే దొరా. మిగతాది నేనే అనుకున్నానేమో" అని కూర్చున్నాడు. అవీస్ వెళ్లి తొడుగులు అతని ఒళ్లో పెట్టి, అతని భుజం మీద ఒక్కసారి చెయ్యి వేసి వచ్చింది.

తర్వాత మోకరించింది.

"నేను అవీస్‌ని, ఆడమ్ విధవరాలిని. ఈ రోజు మొదలు నా ప్రాణం ఉన్నంతవరకూ ఒంటరిగా, నిర్మలంగా బతుకుతానని దేవుడికీ మరియమ్మకీ, తమకీ, ఈ ఊరికీ మాట ఇస్తున్నాను." ఊరికీ అన్న మాట పియర్స్ గురువుగారు నేర్పింది కాదు, అదే నోట్లోంచి వచ్చిందని తర్వాత చెప్పింది. మొక్కు రాసిన కాగితం అడుగున శిలువ గుర్తు గీసింది. వేడినీళ్లలో నాని నాని కణుపులు లావెక్కిన వేలికి ఉంగరం పట్టలేదు. బిషప్‌గారు నెట్టారు, తిప్పారు, చివరికి చిటికెన వేలికి తొడిగారు. బూడిదరంగు ముతక వస్త్రం భుజాల మీద కప్పారు.

"ఊరందరికీ నీలమద్దే మనిషికి రంగెయ్యని గుడ్డా!" అంది రొట్టెలావిడ ముక్కు చీదుతూ.

నేను హామండ్‌వాళ్లు నిలబడ్డ చోటు వైపు చూశాను. ఖాళీగా ఉంది. దీవెన కూడా అవకముందే భార్య మోచెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు.

అవీస్ కూడా చూసింది.

ఇంటి దగ్గర నా బీరు పీపాలు, కాల్చిన బాతు, వీధిలోని ఆడవాళ్లందరూ ఎదురుచూస్తున్నారు. ఆవిడ తన గుమ్మం ముందునుంచే నడుచుకుంటూ పోయింది, ఆగలేదు. "ఎక్కడికే?" అని కేకేశాను. ఉంగరం ఉన్న చెయ్యి ఊపి, వంతెన ఎక్కింది.

మిగతాది డియోనిస్ నాకు చాలా ఏళ్లకు చెప్పింది.

హామండ్ తలుపు గడియ వేస్తుండగా అవీస్ వచ్చి అరచేత్తో తలుపు మీద కొట్టింది. నిన్నటి వరకూ ఆవిడ అతని ఇంటి ఆడమనిషి, గెంటినా ఎవరూ అడగరు. ఇప్పుడు బిషప్ కప్పిన వస్త్రం మీద చెయ్యి వేస్తే ఊరు ఊరుకోదు, అతనికి చర్చి తలుపులు కూడా మూసుకుంటాయి. అవతల పొరుగువాళ్లు కిటికీల్లోంచి చూస్తున్నారు. అతను తలుపు తియ్యక తప్పలేదు.

అవీస్ లోపలికి వెళ్లి బల్ల దగ్గర, గోడవైపు బెంచీ మీద కూర్చుంది.

"ఏం కావాలి?" అన్నాడు హామండ్. నడుము పట్టీ విప్పి అప్పటికే చేతికి చుట్టుకుని ఉన్నాడు.

"ఆకలేస్తోంది. పొద్దున్నించీ ఏమీ తినలేదు. డియోనిస్, ఏముందమ్మా?"

"బఠానీల జావుంది అక్కా. ఉప్పు చేప ఉంది."

"పెట్టు."

డియోనిస్ పెట్టింది. సగం జావ బల్ల మీద పడింది. అవీస్ నిదానంగా తింది, చేప ముళ్లు తీసుకుంటూ. హామండ్ నిలబడే ఉన్నాడు.

"గెలిచావుగా! ఇంకా ఇక్కడెందుకు? ఇది నా ఇల్లు. ఇది నా పెళ్లాం. ఆ ఉంగరం నీకే గానీ దీనికి కాదు."

"నిజమే. దీనికి కాదు" అంది అవీస్. "అందుకే నేనొచ్చా. సాయంత్రం గంట కొట్టేదాకా ఉంటా."

"రేపు?"

"రేపూ వస్తా. పొద్దున్నే నా కాగులు చూసుకుని, ఆ తర్వాత వస్తా. నన్ను ఎక్కడికి పోయావని అడిగేవాళ్లు ఎవరూ లేరుగా హామండ్. నాకు బోలెడు తీరిక."

"ఎన్నాళ్లు వస్తావు?"

"ప్రాణం ఉన్నంతవరకూ అన్నాను కదా ఇందాక. నువ్వు దీవెనకి ఉంటే బాగుండేది."

హామండ్ బల్లకు అవతలి వైపు కూలబడ్డాడు. పట్టీ చేతికి చుట్టే ఉంది. అవీస్ బెంచీ మీద కాస్త జరిగి, పక్కన చోటు చేసి, "నువ్వు కూడా కూర్చుని తినవే" అంది.

డియోనిస్ మొగుడి వైపు చూసింది. చూసి, ఇంకో గిన్నె తెచ్చుకుని, కూర్చుంది.